ట్యాబ్ ఇస్తే నిజం రాదు

2027 జనగణనను మొబైల్ యాప్‌తో చేస్తామన్న ప్రకటన వచ్చినప్పటినుంచి, జనం మధ్య చేసే ప్రతి చిన్న సర్వేకూ ఇదే పాట పాడుతున్నారు: చేతిలో ట్యాబ్ ఉంటే తప్పులకు తావే లేదట, ఇంకా కాగితం పట్టుకు తిరిగేవాళ్లు వెనకబడినవాళ్లట. వింటుంటే ఒళ్లు మండుతుంది. ట్యాబ్ పట్టుకునే తప్పు ఏపాటిదో చూడండి. వయసు గడిలో 180 అని నొక్కితే ఆపుతుంది. పెళ్లి కాలేదన్న అమ్మాయిని భర్త ఏం చేస్తాడని అడగకుండా దాటేస్తుంది. ఒక జవాబుకూ ఇంకో జవాబుకూ పొంతన కుదిరిందా అని చూడటంతో దాని పని సరి. పొంతన కుదిరిన అబద్ధాన్ని నిక్షేపంగా సర్వర్‌కు చేరవేస్తుంది.

కౌలు సంగతే తీసుకోండి. గోదావరి డెల్టాలో అరెకరం సొంతం, రెండెకరాలు నోటిమాట కౌలు, ఆ అరెకరం పట్టా కూడా చనిపోయిన మామగారి పేరునే ఉన్న ఆడమనిషిని ‘సొంత భూమి ఉందా’ అని అడిగితే ఏం చెబుతుంది? కాగితం మీదైతే సర్వే చేసేవాడు ఫారం అంచున ఈ ముక్కలన్నీ రాసుకొచ్చేవాడు. ట్యాబ్‌కు అంచు లేదు. ఉంది, లేదు, రెంట్లో ఒకటి నొక్కితే తప్ప తర్వాతి ప్రశ్న తెరుచుకోదు. ‘ఇతరములు’ అనే గడి ఉందిగా అంటారు. మిట్టమధ్యాహ్నం, కనిపించని తెర మీద ఒక్కో అక్షరం నొక్కుతూ, ఇంకా పది ఇళ్లు తిరగాల్సినవాడు అందులో ఎంత రాస్తాడు? కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఇంకో చట్టం వచ్చింది. అయినా కౌలు పత్రం మీద సంతకానికి యజమాని జంకుతాడు, ఉన్న కౌలు పోతుందని రైతు నోరు విప్పడు. అలాంటి మాట నమ్మకం కుదిరాకే బయటికొస్తుంది. తల తెర మీదికి వంచి అడిగేవాడికి అది ఎవరూ చెప్పరు.

పైగా మన ఊళ్లవాళ్లు ట్యాబ్‌ను ఎరుగుదురు. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సాధికార సర్వే ట్యాబ్‌లతో, ఆధార్ వేలిముద్రలతో ఇల్లిల్లూ తిరిగింది. రేషన్‌కూ, పింఛనుకూ వేలిముద్ర అడుగుతున్నారు. పరిశోధకుడు అలాంటి పరికరమే పట్టుకుని అరుగు మీద కూర్చుంటే, ఎంత నచ్చజెప్పినా ఇంటివాళ్ల భయం ఒకటే: ఆదాయం ఎక్కువ చెబితే రేషన్ కార్డు పోతుంది. అలా తగ్గించి చెప్పిన అంకెను ఏ సాఫ్ట్‌వేరూ సరిదిద్దలేదు.

కాగితం నుంచి కంప్యూటర్‌కు ఎక్కించేటప్పుడు తప్పులు దొర్లుతాయని వాదిస్తారు. దొర్లుతాయి. తెలంగాణ 2024 కులసర్వేలో ఫారాలు చేత్తో నింపి తర్వాతే కంప్యూటర్‌కు ఎక్కించారు. కానీ అక్కడ అనుమానం వస్తే తిరగేసి చూడటానికి అసలు ఫారం ఉంటుంది. ట్యాబ్‌లో గుమ్మం దగ్గరే వేలు తప్పితే సరిపోల్చుకోవడానికి ఏమీ మిగలదు. ఇక ఇంటికి వెళ్లకుండా నింపే దొంగ ఫారాలను జీపీఎస్ పట్టిస్తుందంటారు. రోజుకిన్ని ఇళ్లని లక్ష్యం పెట్టి, చాలీచాలని కూలి ఇచ్చినంతకాలం, గుమ్మం దాకా వెళ్లి కూడా సగం ప్రశ్నలు అడక్కుండానే నొక్కేస్తారు. డ్యాష్‌బోర్డులో మాత్రం అన్నీ పచ్చగానే కనిపిస్తాయి.

ట్యాబ్‌లకు పెట్టే డబ్బులో కొంత సర్వే చేసేవాళ్ల కూలికి, అదే ఇంటికి రెండోసారి వెళ్లడానికి పెట్టండి. రాసుకున్నది చదివి వినిపించి, కాదన్నచోట దిద్దండి. ఇవేవీ చేయకుండా పరికరం మార్చి, లెక్క నిజమైపోయిందని చెప్పడం జనాన్ని మోసగించడమే.