ఒక చుక్క రక్తం, రెండు రిజిస్టర్లు

హైదరాబాద్ బేగంపేటలో, పాత విమానాశ్రయానికి దగ్గర్లో ఓ పాతకాలపు బంగళా ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు అక్కడ ఒక అనాఫిలిస్ దోమ కడుపు చీల్చి మైక్రోస్కోపు కింద పెట్టాడు. నాలుగు రోజుల ముందు ఆ దోమ హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి రక్తం తాగింది. దాని కడుపు గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు రాస్‌కు కనబడ్డాయి. మలేరియాను మోసుకెళ్లేది దోమేనన్న సంగతి అక్కడ తేలింది. కుట్టించుకున్నందుకు ఖాన్‌కు దోమకు ఒక అణా చొప్పున ముట్టింది. అయిదేళ్ల తర్వాత రాస్‌కు నోబెల్ ముట్టింది.

ఆ బంగళా ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలో ఉంది. అదే విశ్వవిద్యాలయానికి అదే బేగంపేటలో జన్యు వ్యాధుల ఆసుపత్రి, పరిశోధన సంస్థ కూడా ఉన్నాయి. దోమ తెచ్చే జబ్బుకు ఒక చిరునామా, అమ్మానాన్నల నుంచి వచ్చే జబ్బుకు ఇంకో చిరునామా అన్నమాట. వైద్య కళాశాలల్లోనూ ఈ రెండు శాఖలవాళ్లు ఒకరి గుమ్మం ఒకరు తొక్కడం తక్కువే.

ఈ దూరానికి చరిత్ర ఉంది. నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని పాత హైదరాబాదీలు ఇప్పటికీ కోరంటి దవాఖానా అనే అంటారు. క్వారంటైన్ అన్న మాట జనం నోట్లో నలిగి కోరంటి అయింది. కలరా, మశూచి, ప్లేగు వచ్చినవాళ్లను ఊరికి దూరంగా ఉంచడమే ఆనాటి వైద్యంలో సగం. ఆ ఆసుపత్రి అసలు పేరులోనూ రాస్ ఉన్నాడు. జన్యు విభాగాల తీరు దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ పడకలకన్నా కాగితాలు ఎక్కువ. కౌన్సెలర్ ముందు కూర్చోగానే ముత్తాత దగ్గర్నుంచి వంశవృక్షం గీస్తారు. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, మేనరికం అయితే మధ్యలో రెండు గీతలు. మన పక్క ఆ రెండు గీతలు తరచూ పడుతుంటాయి. ఒకచోట రోగిని కుటుంబం నుంచి విడదీసి చూస్తే, ఇంకోచోట కుటుంబాన్నంతా కలిపి రోగిగా చూస్తారు.

రక్తానికి మాత్రం ఈ గోడలు తెలియవు. మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లోనే వారసత్వ రక్త దోషాలు ఎందుకు ఎక్కువన్న ప్రశ్నకు 1949లో జె.బి.ఎస్. హాల్డేన్ ఒక ఊహతో జవాబిచ్చాడు. ఆ దోషం సగం పాళ్లలో ఉన్నవాడికి మలేరియా అంత తేలిగ్గా ప్రాణం తీయదు, అందుకే అది తరాల తరబడి నిలిచింది అన్నాడు. ఆయన చెప్పింది తలసీమియా గురించి. 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో సికిల్ సెల్ విషయంలో దాన్ని నిరూపించాడు. హాల్డేన్ 1957లో ఇండియా వచ్చి ఇక్కడే స్థిరపడి 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. అక్కడినుంచి తూర్పు కనుమల వెంట దక్షిణానికి దిగితే కోరాపుట్, అరకు, పాడేరు వస్తాయి. మలేరియా, సికిల్ సెల్ రెండూ గూడు కట్టుకున్న కొండలవి.

సికిల్ సెల్‌లో జరిగే తప్పు చాలా చిన్నది. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వచ్చి కూర్చుంటుంది. అంతే. ఆక్సిజన్ తగ్గినప్పుడల్లా గుండ్రటి ఎర్రకణం కొడవలిలా వంగుతుంది, సన్నటి నాళాల్లో ఇరుక్కుంటుంది. అప్పుడు వచ్చే నొప్పి ఎలా ఉంటుందో ఎముక విరిగినవాళ్లు కొంత ఊహించగలరేమో. చలి, నీరు తాగకపోవడం, జ్వరం, అలసట దాన్ని రేపుతాయి. డిసెంబరులో లంబసింగి మంచు చూడ్డానికి కార్లు బారులు తీరతాయి. అదే చలిలో, అవే కొండల్లో, సికిల్ సెల్ ఉన్న పిల్లవాడు కుంపటి దగ్గర మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉంటాడు. ఆ సంగతి పర్యాటక ప్రకటనల్లో ఉండదు.

జబ్బును పట్టుకునే మొదటి పరీక్షకు పెద్ద యంత్రం అక్కర్లేదు. చిన్న గాజు గొట్టంలో మందు ద్రావణం పోసి, వేలికొన నుంచి తీసిన రక్తం చుక్క కలిపి, అయిదు నిమిషాలు ఆగుతారు. గొట్టం వెనక నల్లగీతలు గీసిన తెల్లకాగితం పెడతారు. ద్రావణంలోంచి గీతలు కనబడితే సరే. మజ్జిగ తేటలా మసకబారి గీతలు కనబడకపోతే కొడవలి హిమోగ్లోబిన్ ఉన్నట్టు. చదువురాని తల్లి కూడా చూసి అర్థం చేసుకోగల పరీక్ష ఇది. చిక్కల్లా తర్వాతే. ఆ పిల్లవాడు రోగా, లేక ఒకే తప్పు జన్యువు మోస్తూ ఆరోగ్యంగా తిరిగే వాహకుడా అన్నది ఈ మసక చెప్పలేదు. దానికి హెచ్‌పీఎల్‌సీ యంత్రమో, ఎలక్ట్రోఫొరెసిస్సో కావాలి. పుట్టిన బిడ్డలో అయితే ఈ గొట్టం పరీక్షను నమ్మడానికే లేదు. గర్భంలో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ ఇంకా మిగిలి ఉండి అసలుదాన్ని కప్పేస్తుంది.

ఇప్పుడు ఇదే పిల్లవాడికి జ్వరం వచ్చిందనుకుందాం. రోడ్డులేని గూడెమైతే డోలీ కట్టి మోసుకొస్తారు. ఆశ కార్యకర్త వేలు గుచ్చి మలేరియా కిట్ మీద చుక్క వేస్తుంది. ఫలితం మలేరియా రిజిస్టర్లోకి వెళుతుంది. సికిల్ సెల్ పరీక్షకు వేరే కిట్, వేరే రోజు, వేరే బృందం, వేరే రిజిస్టర్. ఒక్క తప్పు జన్యువు ఉన్నవాడికి మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. రెండు జన్యువులూ తప్పైన రోగికి అదే మలేరియా యముడు. ఈ రెండు రిజిస్టర్లనూ పక్కపక్కన పెట్టి చూసే మనిషి లేకపోతే, జ్వరంతో వచ్చిన ఇద్దరు పిల్లల్లో ఎవరిని ఆ రాత్రే కొండ దింపాలో తేల్చేదెవరు?

మందు విషయంలోనూ అంతే. వైవాక్స్ మలేరియా కాలేయంలో దాక్కుని మళ్లీ మళ్లీ లేస్తుంది. దాన్ని అక్కడ చంపడానికి ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు. జీ6పీడీ అనే ఎంజైము వారసత్వంగా తక్కువున్నవాళ్లు ఆ మాత్ర మింగితే ఎర్రకణాలు పగిలిపోయి మూత్రం కాఫీ డికాక్షన్ రంగుకు తిరుగుతుంది. ఆ లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి మగపిల్లల్లో ఎక్కువ. మలేరియా మందుకు ముందు జన్యు లోపం పరీక్ష చేయాల్సిన అవసరం ఇక్కడుంది. ఒకే మోతాదుతో పని ముగించే టాఫెనోక్విన్‌కు అమెరికా 2018లో అనుమతి ఇచ్చినప్పుడు కూడా ముందు జీ6పీడీ పరీక్ష తప్పనిసరి అంది. ఇలాంటి సంగతి మైదానంలోనూ ఉంది. ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి ఆపరేషన్ ముందు ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ఇంజెక్షన్ గంటల తరబడి వదలదు, ఊపిరి యంత్రంతో ఆడించాల్సి వస్తుంది. దానికి కారణమైన జన్యు మార్పును పరిశోధకులు ఎప్పుడో గుర్తించారు. ఆ కుటుంబాలకు చెప్పే బాధ్యత ఎవరిదన్నది మాత్రం గాల్లోనే ఉంది.

జన్యు వ్యాధి వైపు నుంచి చూసినా కథ మారదు. సికిల్ సెల్ పిల్లల ప్లీహం చిన్నప్పుడే పాడైపోతుంది. ప్లీహం లేకపోతే న్యూమోకోకస్ లాంటి సూక్ష్మక్రిములకు అడ్డే ఉండదు. అమెరికాలో 1986లో వెలువడిన ఒక అధ్యయనంలో ఈ పిల్లలకు రోజూ పెన్సిలిన్ మాత్ర ఇస్తే అలాంటి ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గాయి. జన్యు వ్యాధి అనగానే కోట్ల రూపాయల జన్యు చికిత్సల మాటే పత్రికల్లో పతాక శీర్షికలకెక్కుతుంది. 2023 చివర బ్రిటన్, అమెరికా అనుమతించిన క్యాస్జెవీ ధర అమెరికాలో 22 లక్షల డాలర్లు. ఆ ధరల లోకంలో, ప్రాణం నిలబెట్టే మందుల్లో ఒకటి మన తాతల నాటి పెన్సిలిన్ కావడం కాస్త విడ్డూరమే. దానికి తోడు హైడ్రాక్సీయూరియా గుళిక, ఫోలిక్ ఆసిడ్ బిళ్ల, న్యూమోకోకల్ టీకా. వీటన్నిటికీ కావలసింది సరఫరా తప్పని ఒక అలమారా, తారీఖు గుర్తుచేసే ఒక నర్సు.

తలసీమియా పిల్లల సంగతి ఇంకా ఘోరం. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటే తప్ప బతకరు. ఆ రక్తంలోనే హెపటైటిస్, హెచ్‌ఐవీ పొంచి ఉండవచ్చు. 2011లో గుజరాత్‌లోని జునాగఢ్‌లో 23 మంది తలసీమియా పిల్లలకు హెచ్‌ఐవీ సోకిన సంగతి బయటపడింది. వారసత్వ జబ్బుకు వైద్యం చేయించుకోబోయి అంటువ్యాధి తెచ్చుకున్న బిడ్డలు వాళ్లు. వాళ్లను ఏ విభాగం చూడాలి? హైదరాబాద్‌లో 1998లో మొదలైన తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ లాంటి చోట్ల రక్తనిధి, రక్తం ఎక్కించే పడకలు, ప్రయోగశాల ఒకేచోట ఉండటం ఈ బెడదకు కొంత జవాబు. ఇది తల్లిదండ్రులు పూనుకుంటే అయింది.

కొన్నిసార్లు అంటువ్యాధి ముసుగులో వచ్చేది జన్యు లోపమే. మన దేశంలో పుట్టగానే బీసీజీ టీకా వేస్తారు. లక్షల మందికి ఏమీ కాదు. పుట్టుకతోనే రోగనిరోధక వ్యవస్థలో లోటున్న బిడ్డకు మాత్రం టీకాలోని బలహీనపరిచిన క్రిమే ఒళ్లంతా పాకుతుంది. చంకలో గడ్డ లేస్తే క్షయ అనుకుని మందులు వాడుతూ పోతారు. పారిస్‌లోని నెకెర్ పిల్లల ఆసుపత్రిలో జాన్ లోరాన్ కాజనోవా బృందం దశాబ్దాలుగా చేస్తున్న పని ఇదే. ఇన్ఫెక్షన్ వచ్చిందని ఊరుకోకుండా, ఈ బిడ్డకే ఎందుకింత తీవ్రంగా వచ్చిందని అడగడం. కోవిడ్ సమయంలో వాళ్లు ప్రాణాంతక న్యూమోనియా వచ్చినవాళ్లను పరీక్షిస్తే దాదాపు 3.5 శాతం మందిలో, వైరస్‌ను అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్ దారిలో పుట్టుకతో వచ్చిన జన్యు లోపాలు బయటపడ్డాయి. 10 శాతానికి పైగా రోగుల్లో ఆ ఇంటర్‌ఫెరాన్‌నే పనిచేయనివ్వని ప్రతిరక్షకాలు దొరికాయి. ఫీవర్ వార్డులో వంశవృక్షం గీసే కౌన్సెలర్‌కు కుర్చీ వేయాలనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మనకు వ్యవస్థ లేదని అనలేం. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. 40 ఏళ్లలోపు ఏడు కోట్ల మందిని పరీక్షించడం, 2047 నాటికి నిర్మూలించడం లక్ష్యం. 2021 అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద హైదరాబాద్‌లోని జన్యు పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిసి ఒక ఉత్కృష్ట కేంద్రం అయ్యాయి. అక్కడ నమోదైన రోగికి 50 లక్షల రూపాయల దాకా సాయం ఇవ్వొచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసీమియా, హిమోఫిలియా, సికిల్ సెల్ చేరాయి. ఆంధ్రప్రదేశ్ 2020లో ఈ రోగులకు నెలకు 10,000 రూపాయల పెన్షన్ పెట్టింది. కాగితం మీద చూస్తే అన్నీ ఉన్నాయి. అయితే వీటిలో ప్రతిదానికీ ముందు ఒక రిపోర్టు కావాలి. పాడేరు కొండ మీది మనిషి ఘాట్ రోడ్డు దిగి, వంద కిలోమీటర్లు దాటి విశాఖ చేరి, అక్కడినుంచి అవసరమైతే హైదరాబాద్ రైలెక్కాలి. కూలి పోతుంది, తోడు వచ్చినవాడి కూలీ పోతుంది. ఆసిఫాబాద్ వైపు గూడేలకు హైదరాబాద్‌కన్నా దగ్గర్లో, మహారాష్ట్ర చంద్రాపూర్‌లో, ఐసీఎంఆర్ హిమోగ్లోబిన్ వ్యాధుల కేంద్రం నెలకొల్పింది. రోగుల ఊళ్లకు దగ్గరగా కేంద్రం పెట్టడం అయ్యే పనేనని అది చూపుతుంది.

అంటువ్యాధుల వైద్యాన్నీ జన్యు వైద్యాన్నీ కలపాలంటే కొందరు వైద్యులు నొసలు చిట్లిస్తారు. తట్టు వచ్చిన పిల్లవాడి పక్కన తలసీమియా పిల్లవాడిని పడుకోబెడతారా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వార్డులు వేరుగానే ఉండాలి, గాలి దారి కూడా వేరుగా ఉండాలి. కలవాల్సింది ప్రయోగశాల, మందుల అలమారా, రోగి చిట్టా. పాడేరు, రంపచోడవరం, ఉట్నూరు, భద్రాచలం లాంటి చోట్ల ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక గది చాలు. అందులో మంచి మైక్రోస్కోపు, హెచ్‌పీఎల్‌సీ యంత్రం, దానికి కరెంటు పోయినా ఆగని బ్యాటరీ, జీ6పీడీ కిట్లు, రక్తం ఎక్కించే నాలుగు కుర్చీలు, పెన్సిలిన్ అయిపోకముందే ఇండెంటు పెట్టే ఫార్మసిస్టు. యంత్రం కొనడం తేలిక, రిబ్బన్ కత్తిరిస్తే ఫోటో వస్తుంది. దాని కాలమ్ అరిగిపోయినప్పుడు, రసాయనాలు అయిపోయినప్పుడు ఫోటో రాదు. ఆ పద్దుకు ఏటా డబ్బు కేటాయించారా లేదా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

ఇంకొకరు కావాలి. కువీ, ఆదివాసీ ఒడియా, గోండి మాట్లాడే కౌన్సెలర్. మిషన్ కింద పరీక్షించినవాళ్లకు కార్డులు ఇస్తున్నారు. పెళ్లికి ముందు ఆ కార్డులు సరిచూసుకోవాలన్నది ఆశ. ఇద్దరు వాహకులు పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. ఒకరే వాహకులై, ఇంకొకరిలో ఏ తప్పు జన్యువూ లేకపోతే బిడ్డ రోగి కాదు. ఈ రెండు వాక్యాలు తెలుగులోనే సరిగా చెప్పేవాళ్లు తక్కువ. సంతలో పిల్ల మామకు ఇది ఇంకోలా చేరుతుంది, రక్తం బాగోలేని పిల్ల అని. ఆ తర్వాత ఆ అమ్మాయి కార్డు ట్రంకు పెట్టె అడుగున, చీరల కిందికి పోతుంది. అబ్బాయి కార్డు చూపించమని అడిగేవాళ్లు ఎటూ ఉండరు.