శిక్షకు ముందు సాక్ష్యము

అత్యాచారమునకు మరణశిక్ష, 21 దినములలో తీర్పు: 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన దిశ బిల్లు కోరినది ఇదే. రాష్ట్రపతి సమ్మతి లభింపక అది చట్టము కాలేదు.

మన నగర చరిత్ర నేర్పిన పాఠము వేరు. 1978లో నల్లకుంట ఠాణాలో ఒక స్త్రీ చెరుపబడినదని ముక్తదర్ కమిషన్ తేల్చినను, 1981లో రాయచూరు న్యాయస్థానము పోలీసులను నిర్దోషులన్నది. ఆ ఆక్రోశమునుండి, మథుర కేసు తీర్పుపై రేగిన నిరసననుండి 1983 సవరణ పుట్టినది. నిర్బంధమున జరిగిన అత్యాచారమునకు కనీసము 10 ఏండ్ల శిక్ష వచ్చినది. అంతకన్న ఘనమైనది మరియొకటి: అట్టి విచారణలో సంపర్కము రుజువైనచో, తాను సమ్మతింపలేదన్న స్త్రీ మాటనే న్యాయస్థానము మొదట స్వీకరింపవలెను.

ఆమె మాట వినువారే లేనప్పుడు ఉరిశిక్ష ఎవరిని భయపెట్టును? 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము బాలలపై నేరము తెలిసియు తెలుపకుండుట నేరమే. ఉపాధ్యాయులారా! పలుమార్లు బిడ్డ తొలిమాట మీ చెవినే పడును. దానిని త్రోసిపుచ్చరాదు.