నవ్వు నుండి అధిక్షేపానికి

వేదికపై నిలిచి జనాన్ని నవ్వించినవాడు నవల రచిస్తే, దానిని సాహిత్యంగా అంగీకరించడానికి విమర్శకలోకం సంకోచిస్తుంది. నవ్వు తేలికైనదనీ, నవ్వించేవాని మాటకు బరువుండదనీ ఒక అభిప్రాయం పాతుకొనిపోయింది. బ్రిటిష్ రచయిత బెన్ ఎల్టన్‌కు ఈ చిన్నచూపు చిరపరిచితం. ఆయన నవలలను శ్రద్ధగా చదివినవారికి అది న్యాయమైనదిగా తోచదు. అయితే ఆ నవలలన్నీ సమానమైన విలువ గలవనీ తోచదు.

ఎల్టన్ 1959లో లండన్‌లో జన్మించాడు. తండ్రి లూయిస్ ఎల్టన్ భౌతికశాస్త్రవేత్త. పెదతండ్రి జెఫ్రీ ఎల్టన్ ట్యూడర్ యుగ చరిత్రకారుడిగా ప్రసిద్ధుడు. నాజీల దురాగతాలకు వెరచి 1939లో ప్రాగ్ నగరం నుండి బ్రిటన్‌కు తరలివచ్చిన యూదు కుటుంబం వారిది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో చదువు ముగిసిన కొద్దికాలానికే ఎల్టన్ ‘ది యంగ్ వన్స్’ అనే టెలివిజన్ ధారావాహికకు సహరచయిత అయ్యాడు. 1980లలో వేదికలపై ఒంటరిగా నిలిచి, ప్రధానమంత్రి మార్గరెట్ థాచర్ పాలనను ఊపిరి తిప్పుకోనంత వేగంతో ఎగతాళి చేశాడు.

ఆయనలోని గంభీరుడు మొదట బయటపడినది ‘బ్లాకాడర్’ ధారావాహికలో. రిచర్డ్ కర్టిస్‌తో కలిసి ఆయన రచించిన నాలుగవ భాగం 1989లో ప్రసారమైంది. కథాస్థలం మొదటి ప్రపంచయుద్ధపు కందకం. ఆరు ప్రకరణాల పొడవునా కథానాయకుడు ప్రాణం దక్కించుకోవడానికి పన్నని పన్నాగం లేదు. ప్రతి పన్నాగమూ నవ్వు పుట్టిస్తుంది. చివరి ప్రకరణంలో మాత్రం ఏ ఉపాయమూ పారదు. అంతవరకు నవ్వించిన ప్రధాన పాత్రలు కందకం దాటి తుపాకి గుండ్లకు ఎదురేగుతాయి. ఆ దృశ్యం మెల్లగా కరగి, ఎర్రని గసగసాల పూలతో నిండిన పొలంగా మారుతుంది. హాస్యరసం కరుణరసానికి దారి విడిచిన తీరుకు ఇంతకన్న చక్కని ఉదాహరణ ఆధునిక దృశ్యమాధ్యమంలో అరుదు.

అదే 1989లో వెలువడిన తొలి నవల ‘స్టార్క్’. భూమి నాశనానికి తామే కారకులమని ఎరిగిన కొందరు కోటీశ్వరులు, దానిని బాగుచేసే యత్నం మాని, అంతరిక్షనౌకలలో పారిపోవడానికి రహస్యంగా ఏర్పాట్లు చేసుకొంటారు. 1991 నాటి ‘గ్రిడ్‌లాక్’ వాహనాలతో స్తంభించిన లండన్ నగరాన్నీ, కాలుష్యం లేని యంత్రాన్ని అణచివేయజూచే స్వార్థపరులనూ చిత్రించింది. ఈ రెండింటిలోనూ కల్పనాశక్తి కంటే ఉపన్యాసధోరణి ఒకపాలు ఎక్కువ. కథ నడుమ రచయిత గొంతు సవరించుకొని బోధనకు దిగుతాడన్న విమర్శ నిరాధారం కాదు.

‘పాప్‌కార్న్’ ఈ లోపాన్ని అధిగమించింది. 1996లో వెలువడి, ఆ సంవత్సరమే బ్రిటన్‌లో నేరకథా రచయితల సంఘం ఇచ్చే గోల్డ్ డాగర్ పురస్కారం పొందింది. హింసను అందంగా చూపే చిత్రాలు తీసే హాలీవుడ్ దర్శకుడొకడు ఆస్కార్ అందుకొన్న రాత్రి, ఇద్దరు హంతకులు అతని ఇంట్లో చొరబడతారు. తమ హత్యలకు అతని చిత్రాలే ప్రేరణ అని అతడు టెలివిజన్‌లో ఒప్పుకోవాలి. అలా తాము శిక్ష తప్పించుకోవాలి. ఇది వారి ఎత్తుగడ. చివరకు హంతకుడు ప్రేక్షకులకే ఒక షరతు విధిస్తాడు: చూస్తున్నవారందరూ టెలివిజన్ కట్టివేస్తే బందీలను విడిచిపెడతాడు. ఎందరు చూస్తున్నారో తెలిపే సంఖ్య అతని ఎదుటనే ఉంటుంది. జనం టెలివిజన్ కట్టివేయరు. ప్రాణాలు పోతాయి. తరువాత దర్శకుడు, హంతకురాలు, మృతుల బంధువులు, టెలివిజన్ సంస్థలు, ఎవరికి వారే తప్పు ఇతరులదని న్యాయస్థానాలకు ఎక్కుతారు.

తెలుగు అధిక్షేప శతకాలలో లోభియో, కుకవియో, దుష్టప్రభువో ఎదుట నిలబడి ఉంటాడు. పాఠకుడు కవి పక్షాన చేరి నిశ్చింతగా నవ్వుకొంటాడు. ‘పాప్‌కార్న్’ ఆ నిశ్చింతను దక్కనివ్వదు. పుట తిప్పుతున్న పాఠకుడు కూడా టెలివిజన్ కట్టివేయనివారిలో ఒకడే. చిత్రహింస నిజహింసకు కారణమా అన్న ప్రశ్నకు రచయిత తీర్పు చెప్పకపోవడమే ఈ నవలకు బలం. తీర్పు చెప్పి ఉంటే అది మరొక ఉపన్యాసమయ్యేది.

తరువాతి నవలలలో కొన్ని కాలోచితమైనవే గాని నిలువదగినవి కావు. 2001 నాటి ‘డెడ్ ఫేమస్’ కెమెరాల నిఘాలోని ఇంట్లో జరిగే హత్యను తెలివిగా అల్లింది. అంతకుమించి లోతుకు పోలేదు. 2002లో ఆయన క్వీన్ బృందపు పాటలతో సంగీతరూపకం రచించినప్పుడు, ధిక్కారస్వరం వ్యాపారానికి లొంగిందని పలువురు ఆక్షేపించారు. రచయితను నిందించడం సులభం, రచనను తూచడమే కష్టం.

2007 నాటి ‘బ్లైండ్ ఫెయిత్’ అలా తూచదగినది. అందులోని భావిసమాజంలో గోప్యత నేరం. భోజనం మొదలు ప్రసవం వరకు ప్రతిదానినీ అందరికీ చూపవలసిందే. టీకాలు నిషిద్ధం. ట్రాఫర్డ్ అనే సామాన్యోద్యోగి తన పసిబిడ్డకు రహస్యంగా టీకా వేయిస్తాడు. అంటువ్యాధి ప్రబలి చుట్టుపక్కల పిల్లలు మరణించగా ఆ బిడ్డ మాత్రం బ్రతుకుతుంది. కారణం చెబితే తండ్రికి శిక్ష తప్పదు. జనం దానిని దైవమహిమగా కీర్తిస్తారు.