నల్లకోటు ఎవరి తరఫున?

తెలుగు పాఠం చెప్పేవాణ్ని కదా, మాట దగ్గరే మొదలుపెడతాను. వకాలత్ అంటే ఒకరి తరఫున నిలబడటం.

బందరు, గుడివాడ, అవనిగడ్డ కోర్టుల్లో యువ న్యాయవాదులు సంఘంగా కూడటం మంచిదే. రక్తదానం చేయండి, క్రికెట్ ఆడండి, జూనియర్లకు స్టైపెండ్ అడగండి. కాదనను. అయితే నల్లకోటు వేసుకున్నవాళ్లే చేయగల పని ఇంకొకటుంది.

2015 సవరణతో అట్రాసిటీ చట్టంలోకి 15ఎ సెక్షన్ వచ్చింది. నిందితుడి బెయిల్ విచారణ సంగతి బాధితులకు ముందే తెలపాలి, వాళ్ల మాట వినాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేని ఉచిత న్యాయ సహాయం 1987 చట్టంలోనే ఉంది. నాగాయలంక, కోడూరు పల్లెల్లో, గూడేల్లో ఈ సంగతులు ఎంతమందికి తెలుసు?

దివిసీమ నుంచి బందరు కోర్టుకు వస్తే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే మీరే వెళ్లాలి. కృష్ణకు అవతల చుండూరులో 1991లో దళితుల్ని నరికి చంపితే, బాధితులు పోరాడి ప్రత్యేక కోర్టును ఊళ్లోకే తెప్పించుకున్నారు. 2007లో పడిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. అయినా కోర్టు పల్లెకు రాగలదని అక్కడే రుజువైంది.

కారంచేడు మారణకాండకు నిరసనగా బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు పదవినే వదిలేశారు. మిమ్మల్ని అంత అడగను. నెలకో ఆదివారం చాలు. గూడెంలో కూర్చుని 15ఎ చదివి వినిపించండి.

జై భీమ్.