రైడర్ పేరు అందరికీ తెలుసు... డిఫెండర్ లెక్క ఎవరు రాస్తారు?

సంక్రాంతికి కాశీబుగ్గ చుట్టుపక్కల ఏ ఊళ్లో కబడ్డీ పోటీ పెట్టినా, ఆట అయ్యాక జనం నోట్లో నానే పేరు రైడర్‌దే. ‘ఒక్క కూతలో ముగ్గుర్ని లేపేశాడ్రా’ అని రెండు రోజులు చెప్పుకుంటారు. మరి ఎడమ మూలన నిలబడి, ఎదుటి జట్టు రైడర్‌ని ఆటంతా బోనస్ గీత తొక్కనివ్వని కుర్రాడి పేరేంటి? అడిగి చూడండి. సగం మందికి గుర్తుండదు.

ఉద్యోగాల వేటలో ఉన్న మాకు ఈ కబడ్డీ గొడవెందుకు అనుకోకండి. ఆట వీడియో చూసి, ఎవరు ఏం చేశారో లెక్క రాసి, కోచ్‌కి అర్థమయ్యేలా చెప్పడం ఇప్పుడు ఒక వృత్తి. దాన్ని పెర్ఫార్మెన్స్ అనాలిసిస్ అంటున్నారు. నా అభిప్రాయం ఒక్కటే: ఈ పని నేర్చుకోవాలంటే మన దగ్గర కబడ్డీని మించిన బడి లేదు. అందులోనూ రైడర్ల దగ్గర కాదు, డిఫెండర్ల దగ్గర మొదలుపెట్టాలి. ఎందుకో చెప్తాను. ఎంతవరకు ఆశ పెట్టుకోవచ్చో కూడా చెప్తాను.

రెండున్నర కోట్ల రైడర్, రెండే గెలుపులు

ప్రో కబడ్డీ లీగ్ 2014లో మొదలైంది. 2023 వేలంలో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొనుక్కుంది. అతను ఆడలేదా అంటే, ఆ సీజన్‌లో 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం 22 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి, 12 జట్లలో ఆఖరి స్థానంలో మిగిలింది. ఒక్కడు పాయింట్లు తెస్తే జట్టు గెలవదని ఇంతకన్నా తేటగా చెప్పే ఉదాహరణ దొరకదు.

అలాగని ఓటమినంతా డిఫెండర్ల నెత్తిన రుద్దడం కూడా తొందరపాటే. రెండో రైడర్ తేలిపోయాడా, కవర్లు తొందరపడ్డారా, ఆఖరి ఐదు నిమిషాల్లో ఆధిక్యం జారిపోయిందా? పాయింట్ల పట్టిక చూస్తే ఇవేవీ తెలియవు. వీడియో తెరవాల్సిందే.

ఇంకో లెక్క చూడండి. ఇరాన్‌కి చెందిన ఫజల్ అత్రాచలి ఈ లీగ్‌లో 500 ట్యాకిల్ పాయింట్లు దాటిన మొదటి డిఫెండర్. రైడర్ పర్‌దీప్ నర్వాల్ 1800 రైడ్ పాయింట్లు దాటాడు. అంటే పర్‌దీప్ మూడున్నర రెట్లు గొప్పవాడనా? కాదు. ప్రధాన రైడర్ ఒక మ్యాచ్‌లో పదిహేను, ఇరవైసార్లు కూతకి వెళ్తాడు. డిఫెండర్‌కి పట్టే అవకాశం నాలుగైదుసార్లు వస్తే ఎక్కువ. మిగతా సమయమంతా అతను చేసే పని ఏ ఖాతాలోనూ పడదు.

పట్టిక ఎక్కడ బోల్తా కొడుతుంది?

నియమాలు మీకు తెలిసినవే. ఒక్కో రైడ్‌కి 30 సెకన్లు. వరుసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై. బరిలో ఆరుగురో ఏడుగురో డిఫెండర్లుంటేనే బోనస్ ఉంటుంది. ముగ్గురు, అంతకన్నా తక్కువ మంది ఉన్నప్పుడు పడితే సూపర్ ట్యాకిల్, రెండు పాయింట్లు. నలుగురు కలిసి పట్టినా ట్యాకిల్ పాయింటు మాత్రం ఒక్కరి పేరు మీదే రాస్తారు.

ఇప్పుడు ఇద్దరు కుడి కార్నర్లని ఊహించుకోండి. మొదటివాడు ఎనిమిదిసార్లు పట్టబోయి నాలుగుసార్లు పట్టాడు. నాలుగు పాయింట్లు. రెండోవాడు మూడుసార్లు ప్రయత్నించి రెండుసార్లు పట్టాడు. రెండు పాయింట్లు. పేపర్లో మొదటివాడి ఫొటోనే పడుతుంది.

వీడియో చూస్తే కథ మారుతుంది. మొదటివాడి నాలుగు విఫల ప్రయత్నాల్లో రెండుసార్లు పక్కనున్న కవర్ కూడా అవుటయ్యాడు. అంటే ఎదుటి జట్టుకి ఆరు పాయింట్లు పోయాయి. తెచ్చినవి నాలుగు, పోగొట్టినవి ఆరు. పైగా అతను బయట కూర్చున్నంతసేపూ ఆ మూల బోసిపోయింది. రెండోవాడి వైపు 14 రైడ్లు వచ్చాయి. మూడింట్లో పట్టబోయాడు, రెండింట్లో బోనస్ ఇచ్చాడు, మిగతా తొమ్మిదింట్లో రైడర్ ఖాళీ చేతులతో వెనక్కి పోయాడు. ఆ ఖాళీ రైడ్ల వల్లే రెండుసార్లు డూ ఆర్ డై వచ్చింది. ఆ రెండుసార్లూ రైడర్ దిక్కులేక లోపలికి దూకితే ఎడమ కార్నర్ పట్టేశాడు. ఆ పాయింట్లు ఎడమ కార్నర్ ఖాతాలోకి పోయాయి. వాటిని సంపాదించి పెట్టింది ఎవరు?

దీన్ని తిరగేసి కూడా చూడాలి. అసలు పట్టడానికే సాహసించని డిఫెండర్‌కి విఫలమైన ట్యాకిల్ ఒక్కటీ ఉండదు. అతనిది ఓపికా, భయమా? ఆ తేడా అంకెలు చెప్పవు, అతని కాళ్లు చెప్తాయి. రైడర్ అడుగుతో పాటు అడుగేసి, దూరం కొలుచుకుంటూ కదిలితే ఓపిక. కూత మొదలవగానే వెనక గీతకి అతుక్కుపోతే భయం.

ఈ చిక్కు కబడ్డీది మాత్రమే కాదు. మంచు మీద ఆడే ఐస్ హాకీలో డిఫెన్స్‌మెన్‌ని కొలవడానికి ‘ప్లస్-మైనస్’ అనే లెక్క వాడేవారు. ఆటగాడు బరిలో ఉండగా తన జట్టు గోల్ కొడితే ప్లస్, ఇచ్చుకుంటే మైనస్. మంచి జట్టులో ఉన్న సాధారణ ఆటగాడికి ప్లస్‌లు, బలహీన జట్టులో ఉన్న మంచి ఆటగాడికి మైనస్‌లు వస్తుంటే, ఆ ఒక్క అంకెతో సరిపోదని తెలిసింది. ఇప్పుడు అక్కడి విశ్లేషకులు ప్రత్యర్థిని నీలి గీత దగ్గరే ఎన్నిసార్లు ఆపాడు, ఎంత దూరం పాటించాడు, బంతిలాంటి ఆ పక్‌ని దక్కించుకున్నాక మొదటి పాస్ ఎవరికిచ్చాడు అని ఒక్కొక్కటీ వీడియోలో లెక్కపెడతారు. ఆట వేరైనా సూత్రం ఒక్కటే: జరగకుండా ఆపిన దానికి కూడా లెక్క ఉండాలి.

పలాస పప్పు నేర్పే పాఠం

ఈ పనికి ఎలాంటి కన్ను కావాలో మన పలాస జీడిపప్పు కార్ఖానాలకు వెళ్తే తెలుస్తుంది. గ్రేడింగ్ చేసే ఆడవాళ్లు గుండు, బద్ద, ముక్క వేరు చేస్తుంటారు. డబ్ల్యూ 320 గ్రేడు అంటే పౌండు బరువుకి సుమారు 300 నుంచి 320 గుండు పప్పులు తూగాలి. ముందు కొలత ఖాయమవుతుంది, తర్వాతే చెయ్యి కదులుతుంది. మన ఊరి తోటలో పండిందని బద్దని తీసుకెళ్లి గుండులో వెయ్యరు.

వీడియో చూసేటప్పుడు కూడా అంతే. ‘బాగా ఆడాడు’ అనేది కొలత కాదు. ఏది మంచి పట్టు, ఏది తొందరపాటు, ఏది సాయం అన్నది ఆట చూడకముందే కాగితం మీద రాసుకోవాలి. మనవాడికి ఒక రూలు, పరాయివాడికి ఒక రూలు పెడితే మీ షీటు చిత్తు కాగితం.

ఇలా మొదలుపెట్టండి

టీవీ కెమెరా రైడర్ వెనకే పోతుంది. మీకు కావాల్సింది ఏడుగురూ కనిపించే దృశ్యం. పురుషుల కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. పక్కనున్న డాబా మీదో, ఎత్తైన బల్ల మీదో ఫోన్ కదలకుండా పెడితే మొత్తం వస్తుంది. నిర్వాహకుల్ని, ఆటగాళ్లని అడిగే తీయండి. పిల్లల పోటీలైతే వాళ్ల పీఈటీ మాస్టారి అనుమతి తప్పనిసరి.

ఒక మ్యాచ్‌ని మూడుసార్లు చూడండి. మొదటిసారి పెన్ను ముట్టుకోవద్దు. రెండోసారి ఒక్క డిఫెండర్‌నే చూడండి, రైడర్ ఎక్కడున్నా సరే. మూడోసారి అతనికీ పక్కనున్న కవర్‌కీ మధ్య పొత్తు ఎలా ఉందో చూడండి. చైన్ ఎక్కడ తెగుతోందో అప్పుడే కనిపిస్తుంది.

ఎక్సెల్‌లో ఒక్కో రైడ్‌కి ఒక్కో వరుస. నిలువు గళ్లలో: రైడ్ నంబరు, సమయం, బరిలో ఎంతమంది డిఫెండర్లు, స్కోరు తేడా, మామూలు రైడా డూ ఆర్ డైనా, రైడర్ ఏ వైపు వచ్చాడు, మన డిఫెండర్ ఏం చేశాడు (యాంకిల్ హోల్డ్, థై హోల్డ్, బ్లాక్, డాష్, లేదా పట్టకుండా ఆపడం), మొదట ఎవరు పట్టారు, సాయానికి ఎవరొచ్చారు, ఫలితం. అంతే. ఇంతకన్నా గళ్లు పెంచితే రెండో మ్యాచ్‌కే విసుగొచ్చి మానేస్తారు.

తర్వాత అదే మ్యాచ్‌ని ఒక స్నేహితుడికిచ్చి విడిగా రాయమనండి. రెండు షీట్లూ పక్కపక్కన పెట్టండి. నలభై రైడ్లలో పదింట్లో తేడా వచ్చిందనుకోండి, గొడవపడకండి. మీ నిర్వచనాలు గట్టిగా లేవని అర్థం. వాటిని సరిచేసి మళ్లీ రాయండి. ఒక్క మ్యాచ్ చూసి తీర్పు మాత్రం ఇవ్వొద్దు. నాలుగైదు ట్యాకిళ్లతో మనిషిని అంచనా వేయలేం. కనీసం పది మ్యాచ్‌లు కావాలి.

ఇంతకీ ఉద్యోగం ఉందా?

ఉంది, కానీ తక్కువ. ఈ మాట ముందే చెప్పడం మంచిది. కబడ్డీ లీగ్‌లో ఉన్నవి 12 జట్లు. ఒక్కో జట్టు సిబ్బందిలో ఈ పనికి చోటు ఒకరికో ఇద్దరికో. అదీ సీజన్ వరకే. క్రికెట్‌లో, ఫుట్‌బాల్‌లో అవకాశాలు కొంచెం ఎక్కువ, పోటీ కూడా అంతే. మ్యాచ్ వీడియోలు చూసి ఒక్కో సంఘటననీ నమోదు చేసే డేటా కంపెనీలున్నాయి. కొత్తవాళ్లు చాలామంది అడుగుపెట్టేది అక్కడే. కాబట్టి డిగ్రీ మానేసి దీని వెంట పడమని నేను చెప్పను. డిగ్రీతో పాటు చెయ్యమంటాను.

‘మూడు నెలల్లో స్పోర్ట్స్ అనలిస్ట్, ఉద్యోగం గ్యారంటీ’ అని వేలకు వేలు ఫీజు అడిగేవాళ్లు తగులుతారు. మీ దగ్గర నేర్చుకున్నవాళ్లు చేసిన రిపోర్టు ఒకటి చూపించండి అని అడగండి. చూపించలేకపోతే బయటికొచ్చేయండి. మొదలుపెట్టడానికి రూపాయి అక్కర్లేదు. కినోవియా అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, వీడియోని నెమ్మదిగా నడిపి కోణాలు, దూరాలు కొలవచ్చు. స్పోర్ట్స్‌కోడ్, నాక్‌స్పోర్ట్, డార్ట్‌ఫిష్ లాంటివి డబ్బులు పెట్టి కొనేవి, ఉద్యోగంలో చేరాక అవే నేర్చుకోవచ్చు. కోచింగ్ వైపు వెళ్లాలంటే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఉంది. గణాంకాలు, టెక్నాలజీ ఇష్టమైతే ఐఐటీ మద్రాస్‌లో క్రీడా శాస్త్రం, విశ్లేషణ కోసం ప్రత్యేక కేంద్రమే ఉంది, దాని ప్రకటనలు గమనిస్తూ ఉండండి.

క్రీడల్లో ఉద్యోగం రాకపోయినా ఈ శ్రమ వృథా కాదు. ఇంటర్వ్యూలో ‘ఎక్సెల్ వచ్చు’ అని అందరూ అంటారు. ‘పది మ్యాచ్‌ల్లో నాలుగు వందల రైడ్లు నేనే నమోదు చేశాను, ఇదిగో రెండు పేజీల రిపోర్టు, ఇదిగో మూడు నిమిషాల క్లిప్పు’ అని చూపించేవాళ్లు ఎంతమంది? డేటా ఉద్యోగం ఏదైనా అడిగేది ఇదే: చూసింది చూసినట్టు రాయగలవా, రాసిందాన్ని నాలుగు ముక్కల్లో చెప్పగలవా?

దీనికి ఇంకో ముఖం ఉంది, నాకు అదే ముఖ్యం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చింది. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. అలాంటి ఇళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లు ఆర్మీ, పోలీసు, రైల్వే, స్పోర్ట్స్ కోటా అంటూ తిరుగుతుంటారు. ఎంపిక పోటీల్లో ఒక్కొక్కరిని చూసేది కొద్ది నిమిషాలే. రైడర్ ఆ నిమిషాల్లో రెండు పాయింట్లు తెచ్చి కనిపించొచ్చు. డిఫెండర్ వైపు రైడే రాకపోతే? అతను ఏడాదంతా ఆడిన ఆట ఆ రోజు లేనట్టే లెక్క. అతని చేతిలో మీరు రాసిచ్చిన పది మ్యాచ్‌ల రిపోర్టు ఉంటే సెలక్టర్ తప్పకుండా చూస్తాడని హామీ ఇవ్వలేను. చూపించుకోవడానికి ఒకటంటూ ఉంటుంది. ఇప్పుడైతే అదీ లేదు.

కాబట్టి ఈ ఆదివారం మీ ఊరి జట్టు ఆడుతుంటే ఫోన్ పట్టుకెళ్లండి. ఒక్క డిఫెండర్‌ని ఎంచుకోండి. రాత్రికి కూర్చుని షీటు రాయండి. మర్నాడు ఆ కుర్రాడిని పిలిచి చూపించి, ఎక్కడ తప్పు రాశారో అతన్నే అడగండి. మీ మొదటి పాఠం అతను చెప్పే సమాధానంలోనే ఉంటుంది.