ఎక్కడ నిలబడి కొడుతున్నావు?

2017లో బాహుబలి రెండో భాగం వచ్చినప్పుడు విశాఖ జగదాంబ జంక్షన్ దద్దరిల్లేలా అరిచింది మీరే కదా? తాటిచెట్లను వంచి, డాళ్లు కప్పుకున్న సైనికులను కోటగోడ అవతలికి విసిరితే కుర్చీలెక్కి ఈలలు వేసింది మీరే కదా? 2022లో ట్రిపుల్ ఆర్‌లో ఒకడు గుర్రం మీద, ఇంకొకడు బైకు మీద, ఒకే తాడు రెండు కొసలు కట్టుకుని వంతెనకు చెరో పక్కకు దూకి మంటల మధ్యలోంచి పిల్లాణ్ణి కాపాడితే ఊపిరి బిగబట్టిందీ మీరే. అదే మీరు ఆదివారం మధ్యాహ్నం పాత్రలు ధరించి పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ బల్ల చుట్టూ కూర్చోగానే ఏమైపోతారు? "కత్తితో కొడతాను." పాచిక దొర్లుతుంది. "తగిలింది, దెబ్బ ఎనిమిది." తర్వాతివాడు. "నేనూ కత్తితో కొడతాను." మూడు గంటలు ఇదే.

ఇది యుద్ధం కాదు. చిట్టాపద్దు.

ఈ పాపంలో పెద్ద వాటా ఆట నడిపే గేమ్ మాస్టర్లదే. ఏ కుర్రాడో ధైర్యం చేసి, "అన్నా, ఆ నూనె డ్రమ్ము తన్నేసి మెట్ల మీద ఒలకబోస్తే ఏటవుతుంది?" అని అడుగుతాడు. తలెత్తకుండానే తీర్పు వచ్చేస్తుంది: "రూల్స్‌లో లేదురా."

అబద్ధం. పుస్తకం తెరవనివాడు పుస్తకం పేరు చెప్పి పలికే పచ్చి అబద్ధం. ఇదే ఆటకు 2014లో వచ్చిన అయిదో ఎడిషన్ డంజన్ మాస్టర్స్ గైడ్‌లో, అప్పటికప్పుడు తట్టిన ప్రమాదానికి ఎంత దెబ్బ వెయ్యాలో చెప్పే పట్టిక ఉంది. బీరువా మీద పడితే పది ముఖాల పాచిక ఒకటి, నిప్పుల గుండంలోకి తూలితే రెండు, కూలే సొరంగం శిథిలాల కింద చిక్కితే నాలుగు, లావాలో మునిగితే పద్దెనిమిది. అంతకు ముందు 2008లో, నాలుగో ఎడిషన్ గైడ్ 42వ పేజీ మొత్తం ఇందుకే కేటాయించారు. షాండ్లియర్ పట్టుకుని ఊగి, రాక్షసుణ్ణి నిప్పుల కుంపట్లోకి తన్నాలనుకున్న ఆటగత్తెకు ఎలా సమాధానం చెప్పాలో అందులో మెట్టుమెట్టుగా రాసుంది. 2001 నాటి ఎగ్జాల్టెడ్ అనే ఇంకో ఆట అయితే, విన్యాసాన్ని కళ్లకు కట్టినట్టు వర్ణించినందుకే అదనపు పాచికలు చేతిలో పెట్టింది. ఇంకా వెనక్కి పోతారా? రండి. ఈ ఆటల ముత్తాత ప్రష్యాలో పుట్టిన యుద్ధక్రీడ. 1812లో రైస్విట్జ్ అనే ఆయన తమ రాజుగారికి చూపించిన బల్ల మీద కొండలూ నదులూ అచ్చేసిన పింగాణీ పలకలున్నాయి, వాటిని ఎలా కావాలంటే అలా మార్చి పేర్చుకోవచ్చు. ముందు నేల పరిచారు, దాని మీద సైన్యం నిలబడింది. మీరేమో సైన్యాన్ని పట్టుకుని నేలను పారేశారు.

"రూల్స్‌లో లేదు" అనేవాడితో నాకు పెద్ద బెంగ లేదు, వాడు బహిరంగ శత్రువు. నా కోపమంతా "ఓహ్, తప్పకుండా చెయ్యి" అని నవ్వుతూ గొంతు కోసేవాడి మీద. వాడి పద్ధతి చూడండి. తాడు పట్టుకుని ఊగి కొడతానంటే, "సరే, ముందు ఊగడానికి ఒక పాచిక వెయ్యి, తర్వాత కొట్టడానికి ఇంకోటి వెయ్యి" అంటాడు. ఇరవై ముఖాల పాచిక మీద తొమ్మిదికి తగ్గకుండా పడాలనుకుందాం. మామూలుగా నిలబడి కొడితే నూటికి 60 సార్లు తగులుతుంది. ఊగి కొడితే రెండుసార్లూ పడాలి కాబట్టి నూటికి 36. తప్పితే నేలమీద బోర్లా పడతాడు. తగిలితే? దెబ్బ మాత్రం అంతే, అదే ఎనిమిది! లాభం పెంచకుండా నష్టం మాత్రం పెంచి, ఆ తర్వాత "మా ఆటగాళ్లకు ఊహాశక్తి లేదు" అని ఊరంతా చెప్పుకుంటాడు. వాళ్లకు ఊహాశక్తి ఉందయ్యా. లెక్కలూ వచ్చు. నువ్వు శిక్షించిన పనిని రెండోసారి ఎవడు చేస్తాడు?

ఒక్క పాచిక చాలు. ధర ముందే చెప్పు: ఇంత పడితే శత్రువు కింద పడతాడు, పడకపోతే నీ చేతిలో కత్తి జారి మెట్ల కిందికి పోతుంది. గెలిస్తే మామూలు దెబ్బ కంటే ఎక్కువ దక్కాలి. ఓడినా బల్ల మీద ఏదో ఒకటి మారాలి. ఒప్పుకుంటే వేస్తాడు, లేకపోతే మానుకుంటాడు. ఇందులో అర్థం కానిదేముంది?

ఇక మన ఊరి సంగతి. విశాఖలో కూర్చుని మీరు గీసే యుద్ధరంగం ఏది? ఎన్నడూ చూడని ఐరోపా సత్రం, ఎన్నడూ కాలు పెట్టని రాతి నేలమాళిగ, అందులో చదరాలు గీసిన ఖాళీ గచ్చు. ఉక్కు ఫ్యాక్టరీ కాలనీ ఉక్కునగరంలో పుట్టి పెరిగినవాడు కూడా అదే గీస్తాడు! గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసులు ఇంటి పక్కన ఉంటే, వాటి నీడలో డ్యూటీ చేసే నాన్న చేతుల మీద కాలిన మచ్చలు రోజూ కనిపిస్తుంటే, వీడికి పోరాటానికి చోటు దొరకలేదట. కరిగిన ఇనుము బయటికొచ్చే క్యాస్ట్ హౌస్‌ని ఒక్కసారి బల్ల మీద పెట్టండి. ఫర్నేసు అడుగున డ్రిల్లుతో బెజ్జం తెరిస్తే 1,400 డిగ్రీలు దాటిన ఇనుము రన్నర్లలో కాలువై పారి లేడిల్‌లోకి దూకుతుంది. ఆ బెజ్జం మూయాలంటే మడ్ గన్‌తో బంకమట్టి దట్టించాలి. పక్కనే స్లాగ్‌ను చల్లార్చే నీటి ధారలు, కమ్ముకునే ఆవిరి, నెత్తిమీద క్రేన్ కొక్కెం. తడి నేల మీద కరిగిన ఇనుము పడితే నీళ్లు ఒక్కసారిగా ఆవిరై పేలతాయని అక్కడి ప్రతి కార్మికుడికీ తెలుసు. ఇప్పుడు చెప్పండి, మడ్ గన్ ఎవరి చేతిలో ఉంది? బెజ్జం ఎవరు తెరిచారు? నీళ్ల పైపు ఎటు తిరిగింది? ఇక్కడ కత్తి తీసేవాడు మూర్ఖుడు.

వేడి వద్దంటే ఫిషింగ్ హార్బర్‌కి రండి. చేపల జిగురుతో జారే గట్టు, ఐసు గడ్డల గుట్టలు, ఆరేసిన వలలు, అలకు లేచి పడే బోటు, ఏ క్షణమైనా తెగే లంగరు తాడు. అక్కడ నిలబడటమే ఒక విన్యాసం.

నేల యుద్ధాన్ని నిర్ణయిస్తుందని మన పక్కనున్న మన్యానికి బయటివాడు వచ్చి నేర్పక్కర్లేదు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో అల్లూరి సీతారామరాజు దళం పొంచి ఉండి, ముందు నడిచిన భారతీయ పోలీసులను వదిలేసి, వెనకున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను నేలకూల్చింది. తుపాకుల లెక్కలో ఆ దళం బ్రిటిష్ సర్కారుకు ఏనాడూ సాటి కాదు. ఇరుకు దారీ, అడవీ, ఎవరిని కొట్టాలి ఎవరిని వదలాలి అన్న ఎంపికా కలిసి ఆ లెక్కను తలకిందులు చేశాయి. ప్రాణాలొడ్డిన ఆ పోరాటాన్ని ఆటతో సమానం చెయ్యడం లేదు. ఆ గడ్డ మీద బతుకుతూ ఖాళీ గచ్చు మీద యుద్ధం ఊహించడం సిగ్గుచేటంటున్నాను.

"ఒకసారి ఒప్పుకుంటే ప్రతిసారీ నూనె డ్రమ్మే తంతారు, బ్యాలెన్స్ పోతుంది" అంటారు పెద్దమనుషులు. డ్రమ్ము ఒకసారి తన్నాక ఖాళీ. తాడు ఒకసారి తెగాక తెగినట్టే. పైగా మీ శత్రువులకు కాళ్లు లేవా? వాళ్లనూ తన్నమనండి! క్రేన్ గొలుసు తెంచి లోడు ఆటగాళ్ల నెత్తిన పడెయ్యమనండి. అప్పుడు బ్యాలెన్స్ అదే వస్తుంది. మీరు కాపాడుతున్నది బ్యాలెన్స్ కాదు, సిద్ధపడి రాని మీ బద్ధకం.

ఆటగాళ్లూ, తప్పించుకోకండి. గేమ్ మాస్టర్ కష్టపడి క్రేన్ వర్ణిస్తుంటే ఫోన్ చూసుకుని, మీ వంతు రాగానే క్యారెక్టర్ షీట్‌లో ఏ గడి నొక్కాలా అని వెతికేది మీరే. ఆ కాగితం మీద ఉన్నది మీ పాత్రకు వచ్చిన విద్యల జాబితా. చెయ్యగల పనుల జాబితా కాదు. లంక కాల్చినవాడి కథ వింటూ పెరిగారు, తోకకు నిప్పంటించింది శత్రువే. వాళ్లు పెట్టిన మంటతోనే వాళ్ల ఊరు కాల్చాడు. అది ఏ షీట్‌లో రాసుంది?

వచ్చే ఆదివారం పోరాటం మొదలుపెట్టే ముందు బల్ల మీద మూడు వస్తువులు పెట్టండి: ఒకటి కాలేది, ఒకటి కూలేది, ఒకటి జారేది. ఆటగాళ్లకు వాటి పేర్లు చెప్పండి, ఏం చెయ్యాలో చెప్పకండి. వాళ్లకంటే ముందు శత్రువు చేత ఒకదాన్ని వాడించండి. అప్పటికీ ఎవడైనా "కత్తితో కొడతాను" అంటే, "ఎక్కడ నిలబడి?" అని అడగండి. జవాబు చెప్పేదాకా పాచిక ఇవ్వకండి.