అటకమీది పెట్టెకు కొత్త రంగు

సంక్రాంతి ముందు బూజులు దులిపేటప్పుడు మా ఇంట్లో ఏటా ఒక గొడవ. అటకమీది ట్రంకు పెట్టెను దించడం, దుమ్ము తుడవడం, 'ఇదింకా ఎందుకు?' అని మావారు అడగడం, నేను వినిపించనట్టే మళ్లీ పైకెక్కించడం. ఈసారి ఆయన పాతసామాన్లు కొనే అతణ్ని ఏకంగా గుమ్మందాకా తీసుకొచ్చేశారు. పెట్టెను ఓ పక్క పైకెత్తి చూసి 'రెండొందలు' అన్నాడతను.

అది మా నాన్న పెట్టె. మాస్టారి ఉద్యోగంలో బదిలీ అయిన ప్రతి ఊరికీ ఆయన వెంట వెళ్లింది. మూతమీద తెల్లరంగుతో ఆయన పేరు, కింద ఊరి పేరు, జిల్లా పేరు. రైల్లో తారుమారు కాకుండా ఎవరో పెయింటరు చేత రాయించుకున్నారు. ఆకుపచ్చ రంగు చాలాచోట్ల వెలిసింది, అంచుల్లో తుప్పు పట్టింది. రెండొందలూ వద్దని అతణ్ని పంపేశాను. 'అయితే మళ్లీ అటకెక్కించకు. వాడేట్టుంటే వాడు' అన్నారు మావారు. న్యాయమే!

కిటికీ కింద బెంచీలా వేసుకుందామని మా తొమ్మిదేళ్ల అమ్మాయి ఐడియా. రంగేశాక ముందువైపు నెమలి బొమ్మ తనే వేస్తుందట. ఫోన్‌లో అమ్మకి చెబితే 'వేసుకోండి... మీ నాన్న పేరు మాత్రం చెరపకే' అంది.

రంగు కొనక్కర్లేదనుకున్నాను. ఇల్లు కట్టినప్పుడు కిటికీలకు వేయగా మిగిలిన ఎనామిల్ డబ్బాలు అదే అటకమీద మూడున్నాయి. పాత పెట్టె, పాత రంగు... పైసా ఖర్చు లేదు. తీరా మూత తీయబోతుంటే డబ్బామీద తేదీ కనిపించింది, 2009. అక్కడే ఆగాను.

ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చల్లో అప్పట్లో సీసం కలిపేవారు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకొచ్చింది. అంతకుముందు కొన్న డబ్బాలో ఎంతుందో చూసి చెప్పలేం. పెద్దవాళ్లకంటే పసిపిల్లలకు దీంతో ముప్పెక్కువ. సీసం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఇంతవరకూ ఫర్వాలేదు అనే లెక్కే లేదు. కాబట్టి అటకమీది పాత డబ్బాలు వాడకండి. అలాగని కాలువలోనూ పారబోయకండి. మూత బిగించి, తడిచెత్తలో కలపకుండా చెత్తబండివాళ్లకు విడిగా చెప్పి ఇవ్వండి. కొత్తది కొనేటప్పుడు డబ్బామీద సీసం 90 పీపీఎం లోపే అని రాసుందో లేదో చూసుకోండి. చిన్న డబ్బా చాలు, పెట్టెకు అర లీటరు కూడా పట్టదు.

మరి పెట్టెమీద ఉన్న పాత రంగో? అసలు చిక్కు అక్కడే. యూట్యూబ్‌లో చూసినట్టు సాండ్‌పేపర్‌తో బరబరా గీకేస్తే ఆ పొడి ఇల్లంతా పరుచుకుంటుంది. గట్టిగా అంటుకుని ఉన్నచోట పాత రంగును గీకనేకూడదు. దానిమీదే వేసేయొచ్చు. పెచ్చులూడుతున్నచోట, తుప్పు పట్టినచోట మాత్రం పెయింటర్లు 'వాటర్ పేపర్' అనే నల్ల కాగితం తెచ్చి, తడిపి రుద్దండి. పొడి లేవదు. డాబామీదో పెరట్లోనో పాత పేపర్లు పరిచి, ముక్కుకు మాస్క్ కట్టుకుని చేయాలి. పిల్లలూ గర్భిణులూ దగ్గరికి రాకూడదు. అయ్యాక చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడిచి, ఆ పేపర్లన్నీ చుట్టి పారేయండి. మా అమ్మాయిని ఆ పూట అత్తయ్యగారింటికి పంపేశాను. ఎంత అలిగిందో!

తడిపిన ఇనుముకు వెంటనే మళ్లీ తుప్పు పట్టే గుణముంది. అందుకని పొడిగుడ్డతో తుడిచి, గంటసేపు ఎండలో పెట్టి, ఇనుము బయటపడినచోటల్లా రెడాక్సైడ్ ప్రైమర్ పూయాలి. పదేళ్ల కిందట ఒక పాత స్టూలుకు ప్రైమర్ లేకుండా తుప్పుమీదే రంగు కొట్టాను. వానాకాలం రాకముందే అప్పడాల్లా లేచిపోయింది. ప్రైమర్ రాత్రంతా ఆరాక ఎనామిల్ పల్చగా ఒక కోటు, మర్నాడు ఇంకో కోటు. ఒకేసారి దట్టంగా వేస్తే కారి చారలు కడుతుంది. ముసురు పట్టిన రోజుల్లో అసలు పెట్టుకోకండి.

నాన్న పేరున్న భాగం చుట్టూ మాస్కింగ్ టేపు అంటించి, మధ్యలో కాగితం కప్పాను. రంగు పూర్తిగా ఆరకముందే టేపు లాగేయాలి. ఆరాక లాగితే అంచు పెచ్చుగా లేచొస్తుంది. అక్షరాలమీద క్లియర్ వార్నిష్ రెండుసార్లు పూశాను. పాత రంగు రాలకుండా అది పట్టి ఉంచుతుంది. తెలుపు కాస్త పసుపుకు తిరిగింది... అమ్మ గుర్తుపట్టింది గానీ ఏమీ అనలేదు.

నెమలి మాత్రం రెండుసార్లు వేయాల్సొచ్చింది. మొదటిసారి స్కూలు వాటర్ కలర్స్‌తో వేసింది, తడిగుడ్డ తగలగానే తోకంతా పోయింది. ఒకటే ఏడుపు! వారం ఆగి, ఎనామిల్ బాగా గట్టిపడ్డాక సన్న వాటర్ పేపర్‌తో మెల్లగా నునుపు విరిచి, అక్రిలిక్ రంగులతో వేసి, పైన వార్నిష్ పూశాం. ఇప్పుడు తడిగుడ్డకు లొంగట్లేదు.

పిల్లలతో చేయించడానికి సీసాలూ డబ్బాలూ ఇంకా తేలిక. గాజుసీసాను వేడినీళ్లలో నానబెడితే లేబులు ఊడొస్తుంది, మిగిలిన జిగురు కొబ్బరినూనె రాస్తే పోతుంది. నూనె జిడ్డు సబ్బుతో పూర్తిగా కడగాలి. గాజుకు రంగు సరిగా పట్టదు కాబట్టి ముందు ఫెవికాల్‌లో కాస్త నీళ్లు కలిపి టిష్యూ కాగితం అంటించి, ఆరాక అక్రిలిక్ వేయండి. పాలపొడి డబ్బాలైతే అడుగున మేకుతో నాలుగు చిల్లులు పెట్టి రంగేస్తే మనీప్లాంటుకు సరిపోతాయి. తినే వస్తువులు పెట్టే డబ్బాలకు లోపల రంగు వేయకండి.

పెట్టె చూడ్డానికొచ్చిన అమ్మ, 'ఇంత డబ్బు రంగులకు పోశావా?' అని లెక్కలడిగింది. వాళ్ల కాలంలో పాత పేపర్లు రెండు మూడు రోజులు నానబెట్టి, మెంతులతో కలిపి రోట్లో మెత్తగా రుబ్బి, బోర్లించిన కుండమీద మెత్తి ఎండబెడితే బుట్ట తయారయ్యేదట. మెంతుల చేదుకు పురుగూ పట్టదట. పోపుదినుసులు దాచేది అందులోనే.

నిన్న రాత్రి గుప్పెడు మెంతులు నానబోశాను. పాత పేపర్లకు మా ఇంట్లో కొదవేముంది!